లేని మ్యూజియం, ఉన్న బాతులు

బైమాదు ఊళ్లో మ్యూజియం లేదు. నది ఉంది, నది గట్టున ఎండుమిరపకాయలు ఆరబోసుకునే జాగా ఉంది, బస్టాండు ఉంది, కారం పులుసులో బియ్యపు సేమ్యా వేసిచ్చే అంగళ్లు వీధికి నాలుగున్నాయి. మ్యూజియం మాత్రం లేదు. అయినా ఆ జూన్ నెలలో రెండో నంబరు స్కూలు ఎనిమిదో తరగతి నాలుగో సెక్షను పిల్లలంతా, ఒక్కరు కూడా మిగలకుండా, పోయిన ఆదివారం మ్యూజియం చూసొచ్చారు. ఇంగ్లీషులో చూసొచ్చారు. "లాస్ట్ సండే ఐ విజిటెడ్ ద మ్యూజియం. ఇట్ వాజ్ వండర్‌ఫుల్" అని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు.

వాళ్లను ఆ లేని మ్యూజియానికి తోలుకెళ్లింది ఇంగ్లీషు టీచరు పెంగ్ రుయ్‌లాన్. మనసొప్పి చేసిన పని కాదది. ఏటా జూన్‌లో ఆ చుట్టుపక్కల స్కూళ్లన్నిటికీ బహిరంగ పాఠాల పోటీ పెడతారు. టీచరు పాఠం చెబుతుంటే వెనక వరుసల్లో పక్క స్కూళ్ల టీచర్లూ, పైనుంచి వచ్చిన పరీక్షకులూ కూర్చుని చూసి మార్కులు వేస్తారు. పేరుకు పాఠమే గానీ అది పక్కా నాటకం. ఏ ప్రశ్న ఎప్పుడడగాలో, ఎవరు లేవాలో, ఎవరు తడబడినట్టు నటించి తర్వాత సరిగ్గా చెప్పాలో అన్నీ ముందే ఖాయమైపోతాయి. చూసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. వాళ్లూ తమ స్కూళ్లలో అదే చేసి వచ్చారు మరి.

ఈసారి నాటకం మీద పెంగ్‌కు పెద్ద ఆశే ఉంది. ఆ స్కూల్లో ఏడో తరగతిలో పిల్లల్ని చేపట్టిన టీచరే తొమ్మిదో తరగతి దాకా వాళ్లతో వెళ్లడం ఆనవాయితీ. తొమ్మిది చివర పెద్ద పరీక్ష. అది గట్టెక్కితేనే హైస్కూలు. కానీ హెడ్మాస్టరు తియెన్‌కు కొత్త ఆలోచన పుట్టింది. చాంగ్షా నగరంలో చదువుకుని, ఇస్త్రీ చొక్కాతో, ఇస్త్రీ చేసినంత సాఫు ఇంగ్లీషుతో లియావ్ అనే కుర్ర టీచరు వచ్చాడు. నాలుగో సెక్షనును అతని చేతిలో పెడితే పరీక్షలో స్కూలు పేరు మోగిపోతుందని తియెన్ నమ్మకం. ఆ మాట స్టాఫ్‌రూములో అందరి ముందూ అనేశాడు.

"చూడండమ్మా పెంగ్ టీచర్, నాకెవరిమీదా ప్రేమా లేదు, పగా లేదు. ఈ పోటీలో ఫస్ట్ ప్రైజు ఎవరు తెస్తే వచ్చే ఏడు నాలుగో సెక్షను వాళ్లది. నేను మాటిస్తే మాటే."

తియెన్ మాటిస్తే నిజంగా మాటే. పదిమంది ముందు అన్నది వెనక్కి తీసుకుంటే ముఖం చూపించలేనంటాడు. లెక్కల మాస్టరుగా మొదలై హెడ్మాస్టరైనవాడు. ఇంగ్లీషు అక్షరాలు లెక్కల్లో ఎక్స్, వై వరకే తెలుసు. ఇన్నేళ్ల బహిరంగ పాఠాల్లో ఇంగ్లీషు పాఠాలన్నిటికీ ముందు వరుసలో కూర్చుని తలాడించాడు గానీ ఒక్క ముక్క అర్థమైన పాపాన పోలేదు.

పెంగ్‌కు మాత్రం ఆ పిల్లల్ని వదులుకోవడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టుంది. ఇంట్లో కూర చెయ్యడం మానేసి మొగుడు చేసిన మాడు కూర తింటూ, రాత్రిళ్లు వాళ్ల పేపర్లు దిద్దింది రెండేళ్లు. వాళ్లలో ఎవడికి అర్థం కాకపోతే చెవులు ఎర్రబడతాయో, ఎవత్తె అర్థం కాకపోయినా అయినట్టు నవ్వుతుందో ఆమెకు తెలుసు. పాఠం సగంలో ఉండగా పిల్లల్ని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకు నచ్చలేదు. నచ్చలేదని అనడం చిన్నమాట. కడుపు మండింది.

సగంలో ఉన్న పాఠమంటే, జరిగిపోయిన సంగతులు ఇంగ్లీషులో చెప్పడం. బైమాదు మాటలో క్రియ ఒకచోట కూర్చుందంటే కదలదు. నిన్నటికీ అదే, రేపటికీ అదే. కాలం సంగతి 'నిన్న', 'రేపు' అనే మాటలు చూసుకుంటాయి. పని ముగిసిందని చెప్పాలంటే చివర చిన్న ముక్క ఒకటి తగిలిస్తే సరి. అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఇంగ్లీషు క్రియలు పూటకో వేషం మార్చడం చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

"యెస్టర్‌డే అని ముందే చెప్పేశాను కదా టీచర్, మళ్లీ క్రియని కూడా కదిలించడం ఎందుకు? ఒకసారి చెబితే నమ్మరా వాళ్లు?" అని అడిగింది వాన్ చియావ్ ఒకరోజు.

వాన్ చియావ్ మాటలకు జవాబు ఉండటం అరుదు. నది దగ్గర బాతులు పెంచే ముసలమ్మకు మనవరాలు ఆ పిల్ల. ఊరి మాటలో ఆమెకు నోరు మూతపడదు. బాతుల్ని తిట్టినా, బస్సు డ్రైవరుతో పోట్లాడినా వీధంతా నిలబడి వింటుంది. ఇంగ్లీషు గంట కొట్టిందంటే మాత్రం నోట్లో నీళ్లు పోసుకున్నట్టే.

బహిరంగ పాఠానికి ముందు రోజు హెడ్మాస్టరే స్వయంగా క్లాసుకు వచ్చి చేతుల సంగతి నేర్పాడు. బైమాదులో ఇది పాత విద్యే.

"టీచరు ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి. అందరూ అంటే అందరూ! జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి. టీచరు కుడిచెయ్యి ఎత్తినవాళ్లనే లేపుతుంది. వెనకనుంచి చూసేవాళ్లకు చేతుల అడవి కనబడాలి. అర్థమైందా?"

"సార్, జవాబు వచ్చో రాదో మాకే తెలీకపోతే?" అంది వాన్ చియావ్.

"ఎడమ!"

"వచ్చుగానీ చెప్పడానికి భయమేస్తే?"

"ఎడమ! నీకు రెండు చేతులూ ఎడమచేతులే అనుకో. ఇక కూర్చో."

క్లాసు గొల్లుమంది. తియెన్ కూడా మీసాల్లో నవ్వుకున్నాడు.

పిల్లలకు తెలియకూడదని పెద్దలు దాచే సంగతి స్కూల్లో మొదట తెలిసేది పిల్లలకే. ఫస్ట్ ప్రైజు రాకపోతే టీచరు తమను వదిలి పోతుందని క్లాసంతటికీ తెలిసిపోయింది. ఆ సాయంత్రం పెంగ్ సైకిలు తాళం తీసుకుంటుంటే వాన్ చియావ్ పరిగెత్తుకొచ్చింది.

"టీచర్, మీరేం దిగులుపడకండి. రేపు నా ఎడమచెయ్యి ఎంత ఎత్తుతానంటే, కుడిచేతులన్నీ సిగ్గుపడాలి."

"నువ్వు నోరెత్తకుండా ఉంటే చాలు తల్లీ" అంది పెంగ్ నవ్వుతూ.

మర్నాడు మీటింగ్ హాలు నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి వాటికే చాలడం లేదు. వెనక టీచర్లు, వాళ్ల ముందు పరీక్షకురాలు ఔయాంగ్ మేడమ్. అరవై దగ్గర పడ్డ మనిషి, జుట్టుకు నల్లరంగు, చేతిలో చేమంతి పూలు తేలుతున్న వేడినీళ్ల సీసా. ముప్పై ఏళ్లుగా ఆ ప్రాంతపు ఇంగ్లీషు పాఠాలన్నీ వింటూ వచ్చింది. ముఖం చూసి ఆవిడ మనసులో ఏముందో చెప్పడం ఆ దేవుడి తరం కూడా కాదు. మొదటి గంటలో లియావ్ పాఠం రెండో సెక్షనుతో నల్లేరు మీద బండి నడకలా సాగిపోయింది.

రెండో గంట పెంగ్‌ది. ఆమె వేదికెక్కి పిల్లల వైపు తిరిగి చూస్తే ఎవరి చోట్లో వాళ్లు లేరు. క్లాసులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఇక్కడ హెడ్మాస్టరు, చూడ్డానికి బాగుండాలని, పొడుగువాళ్లను ఒక పక్కకూ పొట్టివాళ్లను ఒక పక్కకూ మార్చి కూర్చోబెట్టేశాడు. ఇక చేతుల్ని చూసే లేపాలి.

మొదట్లో అంతా బాగానే నడిచింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి మ్యూజియానికి వెళ్లారు, పాత కుండలు చూశారు, ఆశ్చర్యపోయారు, టిక్కెట్టు కొన్నారు. ఒకడు టిక్కెట్టు కొనకముందే ఇంటికి వచ్చేశాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. పెంగ్ వీపు మీద చెమట కారుతోంది. తర్వాతి ప్రశ్న అడిగింది. చేతుల అడవి లేచింది. అందులో అన్నిటికన్నా ఎత్తుగా ఒక చెయ్యి, ఒక పొడుగు కుర్రాడి తల వెనకనుంచి, ఆమె కుడిపక్కకు కనిపించింది.

"యెస్, ప్లీజ్!" అని ఆ చెయ్యి చూపించింది పెంగ్.

ఎదురుగా కూర్చున్నవాళ్ల ఎడమచెయ్యే తన కుడిపక్కకు కనబడుతుందని ఆ కంగారులో ఆమెకు తోచలేదు. పొడుగు కుర్రాడు తల పక్కకు వంచాడు. వెనకనుంచి వాన్ చియావ్ లేచి నిలబడింది. లేచాక కూడా చెయ్యి దించడం మర్చిపోయింది.

చూసేవాళ్ల ముందు వరుసలో హెడ్మాస్టరు ముఖం పాలిపోయింది. ఇంగ్లీషు రాకపోయినా చేతుల లెక్క ఆయనదే కదా.

"లాస్ట్ సండే..." అంది వాన్ చియావ్. "లాస్ట్ సండే ఐ..." అంది. మ్యూజియం ఎటు పోయిందో పోయింది. అంతమంది పాఠంగా అప్పజెప్పిన ముక్కే, రోజూ విన్నదే, గొంతు దాటి రాలేదు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో కూడా నాటకంలో ఉంది. 'కూర్చో అమ్మా, ఎవరు సాయం చేస్తారు?' అని క్లాసు లీడర్ని లేపాలి. లీడరు కుడిచెయ్యి అప్పటికే ఊగిపోతోంది. హెడ్మాస్టరు అరచేతితో కిందికి, కిందికి అని సైగ చేస్తున్నాడు. పెంగ్ నోరు తెరిచింది కూడా. కానీ వాన్ చియావ్ ముఖం చూసింది. ఆ పిల్ల సిగ్గుతో చావడం లేదు. టీచరు కొంప ముంచానే అని చస్తోంది. కళ్లతోనే క్షమించమంటోంది.

పెంగ్‌కు అప్పుడు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, మ్యూజియం మీద. రెండేళ్లు చదువు చెప్పి, చివరికి ఈ పిల్లకు తను నేర్పింది చెయ్యి తప్పుగా ఎత్తి నోరు మూసుకోవడమా అనిపించింది. వేదిక దిగి పిల్ల బెంచీ దగ్గరకు నడిచింది. మెల్లగా, ఇంగ్లీషులోనే అడిగింది, నువ్వు నిజంగా మ్యూజియానికి వెళ్లావా అని.

"నో" అంది వాన్ చియావ్.

వెనక వరుసల్లో ఎవరో దగ్గారు.

అయితే మ్యూజియం వదిలెయ్, పోయిన ఆదివారం మీ ఇంట్లో నిజంగా ఏం జరిగింది, అంది పెంగ్. అని ఊరుకుంది. హెడ్మాస్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిల్ల నేల చూసింది, పైకప్పు చూసింది, టీచరును చూసింది. టీచరు కదల్లేదు. ఎవర్నీ లేపలేదు, మాట అందివ్వలేదు. అలా ఎంతసేపు నిలబడిందో గానీ వెనక కూర్చున్న లియావ్ చూడలేక తల వంచుకున్నాడు.

"లాస్ట్ సండే" అంది వాన్ చియావ్ చివరికి. "గ్రాండ్‌మా డక్ హౌస్... డోర్ బ్రోక్."

"ఓ! అండ్ దెన్?" అంది పెంగ్.

"డక్ ర్యాన్ అవే. ఆల్ డక్! బిగ్ రోడ్! బస్ స్టాప్!" ఆఖరి మాట బస్సు ఆగిందనో, బస్టాపు అనో తెలియలేదు గానీ పిల్ల రెండు చేతులూ చాచి బస్సును ఆపి చూపించింది. క్లాసులో నవ్వు మొదలైంది. వాన్ చియావ్‌కు నవ్వు వినబడితే చాలు, ఇక ఆగదు. బాతులు రోడ్డు దాటాయి. సేమ్యా అంగడిలో దూరాయి. అంగడి అత్త గరిటె పట్టుకుని తరిమింది. "ఆంటీ యాంగ్రీ, వెరీ యాంగ్రీ! వన్ డక్ ఫెల్ ఇన్ చిల్లీ!" నానమ్మ తట్ట వాయిస్తూ నది గట్టున పరిగెత్తింది. "గ్రాండ్‌మా క్రయింగ్, క్రయింగ్. డక్ స్విమ్మింగ్, స్విమ్మింగ్. డక్ వెరీ హ్యాపీ."

ఆదివారం ఆ బాతుల వెంట ఈ క్లాసు పిల్లల్లో సగం మంది పరిగెత్తారు. వాళ్లిక ఆగలేకపోయారు. ఎడమచేతులన్నీ లేచాయి. చేతులెత్తనివాళ్లు కూడా అరవడం మొదలుపెట్టారు.

"మీ! ఐ క్యాచ్ టూ!" అన్నాడు పొడుగు కుర్రాడు లేచి.

"నో! యూ క్యాచ్ వన్!" అంది వాన్ చియావ్. "అదర్ వన్ క్యాచ్ యూ!" అని వాడి వెనక భాగాన్ని చూపించింది.

హాలు నవ్వులతో పగిలిపోయింది. వెనక వరుసల టీచర్లు మార్కుల కాగితాలతో ముఖాలు కప్పుకుని నవ్వారు. ముందు వరుసలో హెడ్మాస్టరు తియెన్ కుర్చీ చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, తను నవ్వుతున్నానని గ్రహించి గభాలున దగ్గాడు. లీడరు పిల్ల ఒక్కతే ఇంకా కుడిచెయ్యి ఎత్తుకుని మ్యూజియం చెప్పడానికి సిద్ధంగా నిలబడి ఉంది పాపం. గంట కొట్టేశారు.

హాలు ఖాళీ అవుతుంటే తియెన్ పెంగ్‌ను వరండాలో ఆపాడు.

"మ్యూజియం ఏమైందమ్మా?"

"మన ఊళ్లో లేదు కదా సార్."

"లేదని ఇవాళే తెలిసిందా మీకు? నెల్లాళ్లు కూర్చోబెట్టి వల్లె వేయించి, ఆఖరి నిమిషంలో బాతుల్ని తోలారే!" అంటూ ఇంకా ఏదో అనబోయి, తల విదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

ఔయాంగ్ మేడమ్ మెట్ల దగ్గర నిలబడి చేమంతి నీళ్లు తాగుతోంది. పెంగ్‌ను చూసి రమ్మని తల ఊపింది.

"అమ్మాయ్, ఆ పిల్ల డోర్ బ్రోక్ అంది, ర్యాన్ అంది, ఫెల్ అంది. అవి సరిగ్గా చెప్పింది. మిగతావి అన్నీ తప్పే."

"అవును మేడమ్. మా పిల్లలందరూ ముందు అవే పట్టుకుంటారు. విరగడం, పడిపోవడం, పారిపోవడం, అలా చప్పుడుతో ముగిసేవి ముందొస్తాయి. ఏడుస్తూ ఉండటం, ఈదుతూ ఉండటం కూడా ఫరవాలేదు, కళ్లెదుట కనబడతాయి. ఇష్టపడటం, భయపడటం, తెలిసి ఉండటం, వీటికి మొదలూ చివరా కనబడదు కదా. అవి చాలా ఆలస్యంగా వస్తాయి. వాయించినా రావు."

"వాయిస్తే రావు" అంది ఔయాంగ్ మేడమ్. "నేను ముప్పై ఏళ్లు వాయించి చూశాను." సీసా మూత బిగించింది. "మార్కుల కాగితంలో ఉన్నవాటికే మార్కులు వెయ్యాలి నేను. అందులో తప్పులకు గడి ఉంది. బాతులకు లేదు. ఏమీ అనుకోకు."

పెంగ్ ఏమీ అనుకోలేదు. కానీ ఆ రాత్రి మొగుడు చేసిన కూర మాడిందో లేదో కూడా ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున నోటీసుబోర్డు మీద ఫలితాలు వచ్చాయి. ఫస్ట్ ప్రైజు లియావ్‌కు. పెంగ్‌కు మూడోది. స్టాఫ్‌రూములో అందరూ లియావ్ వీపు తట్టారు. అతను పెంగ్ బల్ల దగ్గరకు వచ్చి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు.

"అక్కా, నా పాఠంలో ఒక్క పిల్ల కూడా నిజం మాట్లాడలేదు. మీరు గమనించే ఉంటారు."

"ప్రైజు వచ్చినప్పుడు నవ్వాలి తమ్ముడూ. ఏడవడానికి నేనున్నాగా" అంది పెంగ్. అనుకున్నంత హాస్యంగా రాలేదు ఆ మాట.

క్లాసుకు వెళుతుంటే చేతులు కడుక్కునే కుళాయిల వెనక వాన్ చియావ్ కనిపించింది. కుళాయి విప్పి ముఖం కడుక్కుంటోంది, కడిగిన కొద్దీ కన్నీళ్లతో మళ్లీ తడుస్తోంది.

"నా వల్లే టీచర్. నోరు మూసుకోమన్నారు కూడా మీరు."

"నేను చెయ్యి తప్పుగా చూశానే. ఆ పొరపాటు నాది. కానీ నిన్ను కూర్చోబెట్టకపోవడం పొరపాటు కాదు. తెలిసి చేశాను. ఇంకోసారి జరిగినా అదే చేస్తా."

"ఇంకోసారి ఎక్కడుంది? మిమ్మల్ని తీసేస్తున్నారుగా!"

పెంగ్ తన చేతిరుమాలు తీసి ఇచ్చింది. ముక్కు చీదుకుని రా, గంట కొట్టారు అంది.

ఆమె క్లాసులో అడుగుపెట్టి బోర్డు తుడుస్తుండగానే హెడ్మాస్టరు వచ్చాడు. పక్కన లియావ్. పిల్లలంతా లేచి నిలబడ్డారు. కూర్చోండి అన్నా కొందరు కూర్చోలేదు. తియెన్ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏడు మీది తొమ్మిదో తరగతి. జీవితంలో పెద్ద పరీక్ష. అందుకని మీ ఇంగ్లీషు క్లాసు లియావ్ సారు..."

అక్కడ ఆగాడు. ఆగడానికి కారణం, వాన్ చియావ్ లేచి నిలబడింది. చెయ్యి ఎత్తలేదు, అనుమతి అడగలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు తియెన్.

అది ఇంగ్లీషు గంట కాబట్టి ఇంగ్లీషులో మాట్లాడిందో, సొంత మాటలో మొదలుపెడితే ఏడుపు ఆగదని ఇంగ్లీషును ఎంచుకుందో ఎవరికీ తెలియదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుని, దొరికినదాన్ని ముందు పెట్టి తర్వాతిదాన్ని వెతుక్కుని చెప్పింది.

"సార్. బిఫోర్, ఐ నో స్పీక్. ఆల్ టీచర్ సే, సిట్ డౌన్, నెక్స్ట్. టీచర్ పెంగ్ నో సే నెక్స్ట్. టీచర్ పెంగ్ వెయిట్. వన్ ఇయర్ వెయిట్. టూ ఇయర్ వెయిట్. నౌ ఐ స్పీక్." ఊపిరి పీల్చుకుంది. "ఐ నాట్ ఫినిష్, సార్."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. తియెన్‌కు బాతుల కథ అర్థమైంది చేతుల సైగల వల్ల. ఇప్పుడు సైగలు లేవు. పెంగ్ వైపు తిరిగాడు.

"ఏమంటుందమ్మా?"

తన మెప్పు తనే చెప్పుకోలేక పెంగ్ లియావ్ వైపు చూసింది. అతను చెప్పాడు. పిల్ల ఒక్కో మాటా ఎలా పెట్టిందో అలాగే, ఏమీ కలపకుండా, ఏమీ దిద్దకుండా బైమాదు మాటలోకి మార్చి చెప్పాడు. ముందు తనకు మాట్లాడటం రాదట. టీచర్లందరూ 'కూర్చో, తర్వాతివాళ్లు' అంటారట. ఈమె అనదట. ఆగుతుందట. ఏడాది ఆగింది, రెండేళ్లు ఆగింది. ఇప్పుడు తను మాట్లాడుతోందట. తనది ఇంకా అయిపోలేదట.

"అంతేనా?"

"అంతే సార్. ఇందులో తప్పులు చాలా ఉన్నాయి. ఒక మాట చెప్పనా? ఇవి దిద్దడం నాకు రాదు. నేనైతే రెండో మాటకే కూర్చోబెట్టి ఉండేవాణ్ణి."

తియెన్ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇచ్చిన మాట ఒక పక్క, పిల్ల ముఖం ఒక పక్క. మనిషి లెక్కల మాస్టరు. దారి లేదనుకున్న లెక్కకు దారి వెతకడం ఆయనకు అలవాటే.

"ఏమయ్యా లియావ్, నేను మాటిస్తే మాటే. ఫస్ట్ ప్రైజు నీది, కాబట్టి ఈ క్లాసు నీది. ఇవాళ్టినుంచి నీదే. తీసుకున్నావా?"

"తీసుకున్నాను సార్" అన్నాడు లియావ్ తెల్లబోయి.

"ఆఁ. నా మాట నిలబడింది కదా? ఇప్పుడు నీ క్లాసును నువ్వు ఎవరికిచ్చుకుంటావో నీ ఇష్టం. మధ్యలో నన్ను లాగకండి."

లియావ్ ఒక్క క్షణం ఆయన ముఖం చూశాడు. చాంగ్షాలో చదువుకున్నవాడైనా ఈ లెక్క అర్థం చేసుకోవడానికి అంత చదువు అక్కర్లేదు. పెంగ్ వైపు తిరిగి, రెండు చేతులా కానుక అందిస్తున్నట్టు వంగాడు.

"అక్కా, తీసుకోండి. చేతులు నొప్పెడుతున్నాయి."

తియెన్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"పెంగ్ టీచర్, రాత్రి ఆ బాతుల కథ మా ఆవిడకు చెప్పాను. ఇంగ్లీషు పాఠం ఇంటికెళ్లి చెప్పడం నా జన్మలో ఇదే మొదలు. వచ్చే ఏడు పరీక్షలో మార్కులు తగ్గాయో, చూసుకుందాం మీ సంగతి" అని గట్టిగా అని వెళ్లిపోయాడు. లియావ్ కూడా మెల్లగా తలుపు దగ్గరకు వేసి వెళ్లాడు.

ఎవడో బల్ల చరిచాడు, ఇంకొకడు చరిచాడు, కిటికీల అద్దాలు అదిరేంత గోల లేచింది. పొడుగు కుర్రాడు బెంచీ ఎక్కాడు. లీడరు పిల్ల వాణ్ణి దిగమని అరుస్తూ తనూ ఏడుస్తోంది. వాన్ చియావ్ ఒక్కతే నిలబడి ఉంది, అడిగిన ప్రశ్నకు జవాబు సరిపోయిందో లేదో తెలియనట్టు టీచరునే చూస్తూ.

పెంగ్ బోర్డు వైపు తిరిగి, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. కళ్లు తుడుచుకున్నాక ఇటు తిరిగింది.

"సరే, గోల చాలు. కూర్చోండి. వాన్ చియావ్, నువ్వు కూర్చోకు. అయిపోలేదన్నావు కదా, చెప్పు."

వాన్ చియావ్ చెప్పడం మొదలుపెట్టింది. ఆ గంటంతా చెప్పింది. పెంగ్ బల్ల మీద చెయ్యి ఆనించుకుని వింటూ కూర్చుంది. ఆ పూట ఒక్క తప్పు కూడా దిద్దలేదు.